చిలకల వాటా

మొగుణ్ణి ఇంటి పట్టున ఉంచుకోవడానికి ఒక్కో ఆడది ఒక్కో ఉపాయం పన్నుతుంది. నేను వరి విత్తనం మార్చాను.

నవ్వకండి. అండమాన్‌లో రంగత్ వైపు మా పొలాల సంగతి తెలిస్తే మీరూ అదే చేసేవారు. మా ఊళ్ళో అందరూ వేసేది పొడుగు వరి. జూన్ వానలకి నారు పోస్తే క్రిస్మస్ దాటాక గానీ కోతకు రాదు. దాన్ని కోసి ఇంటికి చేర్చేసరికి వానలు వెళ్ళిపోతాయి, నేల ఎండి గట్టిపడుతుంది. మళ్ళీ వానలు పడే వరకు పొలంలో పనే ఉండదు. అందుకని ప్రతి జనవరిలోనూ మా ఆయన రాజ్‌కిరణ్ నీలం రంగు సంచీ ఒకటి భుజాన వేసుకుని పోర్ట్ బ్లెయిర్ బస్సెక్కేవాడు. అక్కణ్ణించి ఓడ. డెక్కు మీద పని. తొలకరికి గానీ తిరిగి ఇంటి ముఖం చూసేవాడు కాదు.

ఆ సంచీ సర్దే పని నాది. మా నాన్నా ఓడ మనిషే. పోర్ట్ బ్లెయిర్‌కి ఎదుటి ఒడ్డున, హోప్ టౌన్‌లో మా పుట్టింటి గుమ్మంలో నిలబడితే హార్బర్ దాటే ఓడలన్నీ కనిపించేవి. నాకు నడక కంటే ముందు చెయ్యి ఊపడం వచ్చిందని మా అమ్మ అంటుంది. అందుకే రైతు సంబంధం అనగానే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. తీరా కాపురానికి వచ్చాక తెలిసింది, ఈ రైతు సగం ఏడాదికే రైతని.

ఆ ఏడు మే నెలలో వ్యవసాయ శాఖ నుంచి ఫణికుమార్ గారు వచ్చి పంచాయతీ హాల్లో మీటింగు పెట్టారు. కొత్త రకం పొట్టి వరి అట. దీపావళి నాటికి కోతకొస్తుందట. అప్పటికి నేలలో ఇంకా తడి ఉంటుంది కాబట్టి వెంటనే పెసలు చల్లుకోవచ్చట. పెసరకాయ ఒక్కసారి కోస్తే అయిపోయేది కాదు, విడతలు విడతలుగా ఫిబ్రవరి దాకా కోస్తూనే ఉండాలట. అందరూ విని, టీ తాగి, బిస్కట్లు తిని వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ ఫిబ్రవరి అన్న మాట చెవిలో ఉండిపోయింది. జనవరి మొదట్లో ఓడ ఎక్కనివాణ్ణి మళ్ళీ ఎవరూ పిలవరు. నేను విత్తనం సంచీ నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చాను.

మా అత్త దేముడమ్మ పశువుల శాలలో గేదెలకి మేత వేస్తోంది. సంచీలోంచి గుప్పెడు గింజలు తీసి వాసన చూసింది.

"ఏటే, ఈ వరి ఎంతెత్తు పెరుగుతాది?"

నేను నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపించాను.

"మరి గడ్డో?"

"గడ్డి కొంచెం తక్కువే వస్తుందట అత్తా."

"అయితే గేదెలకి మేతకి నీ సెల్‌ఫోన్ పెట్టీమంటావేటి?"

నేను కూడా తక్కువ తినలేదు. "పెట్టు, రెండు రీల్స్ చూసి పడుకుంటాయి" అన్నాను. ఆవిడకి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. అసలు అభ్యంతరాలు ఆ తరవాత బయటపడ్డాయి. మా ఇంట్లో ఏ వరి విత్తనాన్ని ఆ వరి గడ్డితోనే దాస్తారు. గడ్డిని తాడుగా పేని, ఆ తాడుని చుట్టలు చుట్టలుగా చుట్టి, బాన లాంటి పురి కట్టి, అందులో విత్తనం పోసి మూసేస్తారు. మామగారి తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఓడ దిగినప్పటి నుంచీ ఇదే పద్ధతి.

"నడుమెత్తు గడ్డి తాడుకేటి అందుతాది? పురి కట్టడానికి రాని వరి కూడా ఒక వరేటే? దాని తరవాణి ఎలగుంటాదో!" అంది.

తరవాణి అంటే మా అత్తకి ప్రాణం. అన్నం కుండలో నీళ్ళు పోసి పులియబెట్టి, ఆ పుల్లటి కూడు పచ్చిమిరపకాయతో తినకపోతే ఆవిడకి పొద్దు పొడవదు. కొత్త బియ్యం సరిగ్గా పులవదని, చూడకుండానే తీర్పు చెప్పేసింది.

రాజ్‌కిరణ్ మా ఇద్దరి మధ్యా నిలబడి ఒకసారి అటు, ఒకసారి ఇటు చూశాడు.

"ఈ వరి టైముకి వచ్చి, పెసలు మొలిస్తే, ఓడ మానేస్తావా?" అని సూటిగా అడిగాను.

"దేఖేంగే" అన్నాడు. ఆయన ఏ విషయమైనా అంతే, చూద్దామంటాడు.

చివరికి అత్తే తెగ్గొట్టింది. "పై మడి నీది. పల్లపు మడి నాది. నీ మడిలో నువ్వేటి ఏసుకుంటావో నానడగను. నా మడి కాడికి నువ్వు రాకు."

ఉభాలు మొదలయ్యాయి, అదే నాట్లు. మా ఊళ్ళో నాట్లకీ కోతకీ కూలికి మనుషులు దొరకరు. బదులు పని. ఈవేళ నేను మీ మడిలో వంగుతాను, రేపు మీరు మా మడిలో వంగుతారు. తెలుగువాళ్ళు, బెంగాలీవాళ్ళు అందరం కలిసే. కోతనాడైతే ఇంకొక మర్యాద ఉంది. వచ్చిన ప్రతి ఆడమనిషీ సాయంత్రం ఒక వరికట్ట చంకన పెట్టుకుని ఇంటికి వెళ్ళాలి. కట్ట ఎంత లావుగా ఉంటే ఆ ఇల్లాలికి అంత పేరు.

నా మడిలో నాట్లు వేస్తుంటే గట్టు మీద పక్క పొలం గవరయ్య మామ చేరాడు. "ఏటమ్మా కోడలా, ఈ వరి కొయ్యాలంటే కుర్చీలేసుకుని కూకోవాలా?" అన్నాడు. బురదలో ఉన్న ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు. "నీకు మాత్రం ఉయ్యాల కడతాను మావా" అన్నాను. నా పక్కనే వంగి నాటుతున్న మాలతీ దీదీ నవ్వలేక నడుం పట్టుకుంది. ఆవిడ బెంగాలీ, కానీ మా వీధిలోనే పుట్టి పెరిగింది కాబట్టి తెలుగులో వేళాకోళం మాకంటే బాగా చేస్తుంది.

వరి బాగా వచ్చింది. ఎంత బాగా అంటే, నేను రోజుకి రెండుసార్లు వెళ్ళి ఊరికే నిలబడి చూసేదాన్ని. అక్టోబరు వచ్చేసరికి ఊరంతా ఇంకా పచ్చగా ఉంది, పొడుగు వరి అప్పటికి వెన్ను కూడా తియ్యలేదు. మధ్యలో నా మడి ఒక్కటే పసుపు పూసుకుని కూర్చున్న పెళ్ళికూతురిలా ఉంది. ఫొటో తీసి స్టేటస్ పెట్టాను. ఫణికుమార్ గారు చప్పట్ల బొమ్మలు పంపించారు.

మర్నాడు పొద్దున్నే చిలకలు వచ్చాయి.

అంతకు ముందు నేను చిలకల్ని చూడలేదని కాదు. పంట కాలంలో అవి వస్తాయి, తలా కాస్త తింటాయి, పోతాయి. ఇవి అలా రాలేదు. రంగత్ చుట్టుపక్కల అడవిలో ఉన్న చిలకలన్నీ ఒకదానికొకటి కబురు పెట్టుకుని వచ్చినట్టు వచ్చాయి. ఒక్కోటి ఒక్కో వెన్ను విరుచుకుని, గట్టు పక్క పోకచెట్టు మీద కూర్చుని, గింజలు ఒలుచుకుని తిని, పొట్టు నా నెత్తిన పోసేవి.

మేము డబ్బాలు కొట్టాం. రాజ్‌కిరణ్ తన ఓడ లైఫ్ జాకెట్టు తొడిగి ఒక దిష్టిబొమ్మని నిలబెట్టాడు. అది ఎర్రగా, లావుగా, మహా గంభీరంగా ఉండేది. మధ్యాహ్నానికల్లా రెండు చిలకలు దాని భుజాల మీద కూర్చుని ఒకదాని తల ఒకటి గోక్కుంటున్నాయి. ఫణికుమార్ గారు ఫోనులో మెరుపు రిబ్బన్లు కట్టమన్నారు. కట్టాం. మొదట్లో నిజంగానే బెదిరాయి. తరవాత వాటి మీద వాలి ఊగడం నేర్చుకున్నాయి.

ఊరికి ఇంతకంటే కాలక్షేపం ఏముంటుంది? "అరే లహరీ, చిలకలకి దావత్ దియా క్యా? నాకు కార్డు రాలేదే!" అని దారిలోంచే అరిచింది మాలతీ దీదీ. మామూలుగా అయితే నేనూ ఒకటి అనేదాన్నే. ఆ రోజు మాత్రం చేతిలో వెన్ను పట్టుకుని చూస్తే సగం గింజలు లేవు. అలాగే గట్టు మీద కూలబడి ఏడ్చేశాను.

ఆ మడి కాడికి అంతవరకు ఒక్కసారి కూడా రాని మా అత్త, ఒక చేత్తో స్టీలు పళ్ళెం, ఒక చేత్తో గరిటె పట్టుకుని వచ్చింది. చంకన ఉన్న అన్నం గిన్నె నాకు ఇచ్చి, తాను గట్టు వెంట నడుస్తూ పళ్ళెం వాయించింది. ఆ పూటంతా అలాగే తిరిగింది. చిలకలు లేచి అత్త పల్లపు మడి మీదుగా ఒక చుట్టు తిరిగి, అక్కడంతా పచ్చిగా ఉండేసరికి మళ్ళీ నా మడికే వచ్చేవి.

"ఊరంతటికీ పండింది నీదొక్కటే. అయి మాత్రం ఎక్కడికెల్తాయే?" అంది.

నాకది దెప్పుడులాగే వినపడింది. గిన్నె మీదికి వంగి అన్నం తిన్నాను.

దీపావళి శుభాకాంక్షలు చెప్పడానికి ఓడ మీంచి వీరేంద్ర భయ్యా ఫోను చేశాడు. డెక్కు మనుషుల్ని పెట్టేది ఆయనే. జనవరి ఒకటికి నువ్వు వచ్చెయ్యాలి, లేకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటానన్నాడు. "హాఁ భయ్యా, బతాతా హూఁ" అని రాజ్‌కిరణ్ ఫోను పెట్టేశాడు.

"ఏం చెబుతావు?" అన్నాను.

ఆయన అరచేతిలో ఉన్న పొట్టు ఊదేసి, "నువ్వే చెప్పు లహరీ, ఇది చూసి నేనేం చెప్పను?" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది, కనీసం పోట్లాడేదాన్ని.

వాన ఒక రోజు తెరిపి ఇచ్చేలా ఉందని తెలియగానే కోత పెట్టాం. ఒక్క రోజులో అయిపోవాలి. పిలవగానే ఊళ్ళో ఆడవాళ్ళందరూ వచ్చారు. వాళ్ళ సొంత కోతలకి ఇంకా బోలెడు టైముంది కదా, చేతులన్నీ ఖాళీయే. ఇంతమంది ఒకేసారి మా మడిలో దిగడం అంతకు ముందెప్పుడూ లేదు. పాటలు, తిట్లు, వేళాకోళాలు. చిలకలు తినగా మిగిలింది నేను భయపడినంత తక్కువేమీ కాదు. పొట్టి మొక్కలే గానీ ఒక్కోదానికి వెన్నులు ఎక్కువ. సాయంత్రానికి మడి గట్టున కట్టల కుప్ప లేచింది.

ఆడవాళ్ళు కొడవళ్ళు కడుక్కుని గట్టెక్కి నిలబడ్డారు. అప్పుడు నేను నోరు విప్పాను.

"ఈసారికి ఏమనుకోకండి. చిలకల వాటా పోగా మిగిలిందే ఇది. వచ్చే ఏటికి విత్తనం కావాలి. మీ కట్టలు మా పల్లపు మడి కోతకి ఒకటికి రెండు ఇస్తాను."

నేనన్నదాంట్లో తప్పేముందో నాకు ఇప్పటికీ తెలియదు. కానీ అంతసేపు గోలగోలగా ఉన్న గట్టు చప్పున చల్లారిపోయింది. మాలతీ దీదీ కొడవలి సంచీలో పెట్టుకుని, "కోయీ బాత్ నహీ, పరవాలేదులే" అని దారి పట్టింది.

"మాలతీ, ఆగు" అంది మా అత్త.

కుప్ప దగ్గరికి వెళ్ళి, వెతికి వెతికి ఒక లావుపాటి కట్ట తీసి మాలతీ దీదీ చంకలో పెట్టింది. తరవాత ఇంకొకటి తీసి ఆ పక్కావిడకి ఇచ్చింది. ఆ పక్కావిడకి ఇంకొకటి. నేను "అత్తా!" అన్నాను. వినిపించుకోలేదు. నా కుప్ప నా కళ్ళముందే కరిగిపోతోంది.

"ఇది దంచుకు తినీకండర్రా" అంది కట్టలు పంచుతూనే. "ఇత్తనానికి దాసుకోండి. వొచ్చే ఏడు మీ పై మడుల్లో ఎయ్యండి. మా పిల్లదొక్కటే పండితే సిలకలన్నీ దీని మీదే పడతన్నాయి. అందరివీ ఒక్కసారే పండితే తలా గుప్పెడు తినీసి పోతాయి."

గవరయ్య మామ దారిలో సైకిల్ ఆపి వింటున్నాడు. "మరి గడ్డి మాటేటి వదినా?" అన్నాడు.

"పల్లంలో పాతదే ఎయ్యి. నానూ అదే ఏత్తాను. నీ గేదెలూ బతుకుతాయి, నా గేదెలూ బతుకుతాయి."

మామ సైకిల్‌కి స్టాండు వేశాడు. గట్టు మీదికి వచ్చి, కోతకి రాకుండానే, చెయ్యి చాపాడు. "కుర్చీ తెచ్చుకున్నావా మావా?" అన్నాను. ఉడుకుమోత్తనంతోనే అన్నాను గానీ గట్టంతా ఘొల్లుమంది. మాలతీ దీదీ తన కట్టని ముద్దుపెట్టుకుని నెత్తిన పెట్టుకుంది. ఆడవాళ్ళంతా వరసగా దారి వెంట వెళ్తుంటే, నా వరి ఊరంతటికీ నడిచి వెళ్తున్నట్టే ఉంది. కోపం ఉంది. కోపంతో పాటు ఇంకేదో కూడా ఉంది, అది సంతోషమేనని ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

వాన మళ్ళీ పట్టుకుంది. కట్టలు ఆరబెట్టడానికి చోటు లేక ఇంట్లోనే తాళ్ళు కట్టి వేలాడదీశాం. ముందు గదిలో, పడక గదిలో, దేవుడి పటాల ముందు, ఎక్కడ చూసినా వరే. మంచం మీద పడుకుంటే వెన్నులు ముక్కుకి తగిలేవి. రాజ్‌కిరణ్ తుమ్మేవాడు, నేను నవ్వేదాన్ని. ఆరినవి ఆరినట్టు నూర్చి, అత్త ఒక పక్కన పోసుకునేది. కొద్దిగా దంచి అన్నం కూడా వండాం. మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి ఆవిడ పొయ్యి దగ్గర అటు తిరిగి కూర్చుని తరవాణి తింటోంది. పక్కన రెండు కుండలున్నాయి, ఒకటి పాత బియ్యానిది, ఒకటి కొత్తది. కొత్త కుండ ఖాళీ అయిపోయింది.

"ఎలా ఉంది అత్తా?"

"సప్పగున్నాది" అంది మూతి తుడుచుకుంటూ. ఆ మరుసటి రోజు కూడా కొత్తదే వండమంది.

పెసలు చల్లాం. తడి నేల కదా, నాలుగు రోజుల్లో మొలకలు తలలెత్తాయి. డిసెంబరు వచ్చేసరికి నా మడి మళ్ళీ పచ్చబడింది, చుట్టూ ఊరంతా పసుపు పచ్చబడింది. చిలకలు వచ్చాయి. ఎవరి మడి మీద వాలాలో తెలియనట్టు కాసేపు గాల్లో తిరిగాయి. ఇక్కడ కొంచెం, అక్కడ కొంచెం తిని పోయాయి. మా అత్త పల్లపు మడి కోతకొచ్చింది. మాటిచ్చినట్టే ఆడవాళ్ళందరికీ రెండేసి కట్టలిచ్చాను. గడ్డివాము ఇంటి కప్పంత లేచింది. గేదెలు తృప్తిగా నెమరేశాయి.

అన్నీ బాగానే ఉన్నాయి. ఒక్కటి మాత్రం తేలలేదు. పెసరకాయ ఇంకా పచ్చిగానే ఉంది, క్యాలెండరులో మాత్రం కాగితాలు అయిపోవచ్చాయి. ఉంటావా వెళ్తావా అని నేను అడగలేదు. అడిగితే దేఖేంగే అంటాడు.

కోత అయిన మర్నాడే వీరేంద్ర భయ్యా ఫోను వచ్చింది. రాజ్‌కిరణ్ వాకిట్లో నిలబడి మాట్లాడాడు. నేను లోపల చెవులు రిక్కించాను గానీ గేదె అరుపులో ఏమీ వినపడలేదు. లోపలికి వచ్చి, నా ముఖం చూడకుండా అడిగాడు.

"నా సంచీ ఏది?"

నాకు నిజంగానే తెలియదు. మంచం కింద లేదు. అటక మీద లేదు. బీరువా పైన లేదు. ఇద్దరం వెతుకుతుంటే, గుమ్మంలో కూర్చుని వంకాయలు తరుగుతున్న అత్త తలెత్తకుండా అంది.

"పైన వాసానికి సూడు."

చూశాం. పాత విత్తనం పురి పక్కనే, వాసానికి, నీలం సంచీ వేలాడుతోంది. నిండు గర్భిణిలా ఉబ్బి ఉంది. మూతికి పొడుగు వరి గడ్డితో పేనిన తాడు బిగించి కట్టి ఉంది. రాజ్‌కిరణ్ స్టూలెక్కి తాడు వదులు చేసి చెయ్యి పెట్టాడు. గుప్పెడు కొత్త వరి గింజలు బయటికొచ్చాయి.

"అమ్మా, ఇదేంటి?"

"నీ పెళ్ళాం ఇత్తనం. ఆ పొట్టి గడ్డితో పురి కట్టలేకపోనాను. దేంట్లోనో ఓ దాంట్లో దాయాల కదేటి?"

"మరి నా బట్టలు దేంట్లో పెట్టుకోను?"

అత్త కత్తిపీట పక్కకి జరిపింది. "ఎక్కడికెల్తన్నావేటి, బట్టలు పెట్టుకోడానికి?" అంది. వంకాయ ముక్కలు నీళ్ళలో వేస్తూ, "మీ నాన్నకీ ఇలాంటి సంచీయే ఉండీది. ఆయన ఉన్నన్నాళ్ళూ నానే సర్దీదాన్ని" అంది.

ఇన్నేళ్ళలో ఆ మాట ఆవిడ నోట నేను వినలేదు. వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని ఇంకో కత్తి తీసుకుని నేనూ వంకాయలు తరిగాను. ఆవిడ నా తరుగుడు చూసి, "సన్నంగా కొయ్యవే" అని కసిరింది.

రాజ్‌కిరణ్ స్టూలు మీదే నిలబడి ఉన్నాడు. గింజలు మళ్ళీ సంచీలో పోసి, తాడు మునుపటి కంటే గట్టిగా బిగించాడు. దిగివచ్చి ఫోను తీశాడు.

"భయ్యా, ఇస్ సాల్ నహీ, ఈ ఏడు రాను" అన్నాడు. అవతల ఏమడిగారో, మా ఆయన పైకి చూసి నవ్వాడు. "నహీ నహీ, జబ్బేమీ లేదు. సంచీ ఖాళీ లేదు భయ్యా."

పొయ్యి మీద కూర పడేసి పెరట్లోకి వచ్చి చూస్తే, పై మడిలో పెసరకాయలు అక్కడక్కడ నల్లబడుతున్నాయి. రాజ్‌కిరణ్ అప్పటికే గుమ్మం దగ్గర నులకమంచం వాల్చి, కాళ్ళు చాపి, ఫోనులో ఏదో చూస్తున్నాడు.

గంప తీసుకెళ్ళి ఆయన పొట్ట మీద పెట్టాను. "లే. ఇంట్లో ఉండటమంటే పడుకోవడం కాదు" అన్నాను.

"దేఖేంగే" అన్నాడు గానీ, గంప పట్టుకుని నా కంటే ముందు నడిచాడు.